పాదం ఎక్కడ జారుతోందో చెప్పేవాళ్లు కావాలి

నార్సింగి చౌరస్తా నుంచి పుప్పాలగూడ వైపు వెళ్లినా, మంచిరేవుల వైపు వెళ్లినా పీజీ హాస్టళ్ల బోర్డులు వరసగా కనిపిస్తాయి. ఆ గదుల్లో బాగా పొద్దుపోయాక కూడా లాప్‌టాప్‌లు నడుస్తూనే ఉంటాయి. అదంతా ఆఫీసు పనే అనుకుంటే పొరపాటు. పగలు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో టెస్టింగ్ ఉద్యోగమో సపోర్టు ఉద్యోగమో చేసుకునే పిల్లలు, ఇంకా చదువు పూర్తికాని ఇంజనీరింగ్ విద్యార్థులు రాత్రిపూట సొంతంగా వీడియో గేమ్‌లు తయారు చేసుకుంటున్నారు. బొమ్మలకూ కదలికలకూ బ్లెండర్ ఉచితంగా దొరుకుతుంది. గేమ్ కట్టడానికి గోడో ఇంజిన్ ఉచితం. నేర్పే వీడియోలకు లోటే లేదు. వాళ్లకు దొరకనిదల్లా, చేసిన పనిని ఓపికగా చూసి ‘ఇక్కడ తప్పింది, ఇందువల్ల తప్పింది’ అని చెప్పే మనిషి.

నేను నానక్‌రామ్‌గూడలో ఒక గేమ్ స్టూడియోలో యానిమేటర్‌ని. పాత్రలు నడవడం, దూకడం, దెబ్బ తిని పడడం నా పని. ఆదివారాలు మా అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో ప్రొజెక్టరు పెట్టి, చుట్టుపక్కల నుంచి వచ్చే పిల్లల పని అందరం కలిసి చూస్తాం. ఫీజు లేదు. పాఠం చెప్పను. తెచ్చినవాళ్లు చూపించాలి, మిగతావాళ్లు చూసి మాట్లాడాలి, అంతే. అక్కడ చూసిందాన్ని బట్టి చెబుతున్నాను: మన పిల్లల్లో చెయ్యి తిరగనివాళ్లు తక్కువ, సరైన కరెక్షన్ అందనివాళ్లే ఎక్కువ.

ఒక ఉదాహరణ చెబుతాను. శంకర్‌పల్లి దగ్గరి ఊరి నుంచి వచ్చి ఇక్కడ ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్న కుర్రాడొకడు తాటిచెట్టు ఎక్కే గేమ్ తయారు చేశాడు. గీత కార్మికుడు చెట్టెక్కాలి, గాలికి తూలకుండా చూసుకోవాలి, కల్లు లొట్టి దించుకుని రావాలి. ఆలోచన నాకు ఎంతో నచ్చింది. పాత్ర నడుముకు మోకు అనే తాడు కట్టాడు, కాళ్లకు గుజి అనే బంధం వేశాడు, రంగులు ముచ్చటగా ఉన్నాయి. అయినా చూస్తుంటే ఏదో వెలితి. వాడు అప్పటికే హాస్టల్లో అందరికీ చూపించాడు. సగం మంది ‘మస్తుందిరా’ అన్నారు. మిగతా సగం ‘గ్రాఫిక్స్ ఇంకా మంచిగుండాలె’ అన్నారు. రెండో మాట విని వాడు రెండు వారాలు కూర్చుని తాటిమట్టల మీద నీడలు దిద్దాడు. వెలితి అలాగే ఉంది.

హాల్లో ప్రొజెక్టరు మీద ఆ ఎక్కే కదలికను నెమ్మదిగా, ఒక్కో ఫ్రేమూ జరుపుతూ చూశాం. వనస్థలిపురం నుంచి వచ్చే ఒకమ్మాయి పట్టుకుంది. ‘మోకు పైకి జరుగుతున్నప్పుడు కూడా మనిషి వెనక్కే వాలి ఉన్నాడు. అప్పుడు మోకు బిగుసుకునే ఉంటుంది కదా, ఎట్ల జరుగుతుంది?’ అని అడిగింది. అసలు లోపం అదే. మోకు మనిషి బరువును మోస్తుంది. అది వదులు కావాలంటే ఆ క్షణంలో ఒళ్లు చెట్టుకు దగ్గర కావాలి. మోకు పైకి జరిగాక మళ్లీ వెనక్కి వాలాలి, బరువు మోకు మీద పడ్డాక కాళ్లు పైకి లాక్కోవాలి. బరువు చేతులు మారే ఈ వరస వాడి యానిమేషన్‌లో లేదు. చేతులు పైకి పాకుతుంటే మిగతా ఒళ్లు వెంటపడి వస్తోంది.

వాడు ఆ వారం ఊరెళ్లి, చెట్లెక్కే వాళ్ల పెద్దనాయనను ఫోన్లో వీడియో తీశాడు. తన గేమ్ కూడా ఆయనకు చూపించాడు. ఆయన చూసి, ‘గట్ల ఎక్కితే కింద పడ్తడు బిడ్డా. ఒళ్లు చెట్టుకు ఆనిస్తెనే మోకు వదులైతది’ అన్నాడట. కంప్యూటర్ ముట్టుకోని మనిషి, హాల్లో అమ్మాయి పట్టుకున్న లోపాన్నే ఒక్క చూపులో పట్టుకున్నాడు. పని తెలిసినవాడి విమర్శ అలా ఉంటుంది. గేమ్‌ల చరిత్రలో ఎంతో పేరున్న ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ వెనకా ఇదే పద్ధతి ఉంది. జోర్డాన్ మెక్నర్ 1985లో తన తమ్ముణ్ని పరిగెత్తించి, దూకించి వీడియో తీసుకున్నాడు. ఆ కదలికలను ఫ్రేము ఫ్రేముగా చూసి గీసిన గేమ్ 1989లో వచ్చింది. అంతకుముందు గేమ్‌లలో పెద్దగా కనబడని ఒంటి బరువు ఆ చిన్న తెల్ల బట్టల బొమ్మలో కనబడింది.

‘మస్తుంది’ అనే మాట ప్రేమతోనే వస్తుంది, కాదనను. కానీ దాన్ని పట్టుకుని మర్నాడు చేయగలిగిన పని ఒక్కటీ ఉండదు. ‘బాలేదు’ అన్నా అంతే. ‘గ్రాఫిక్స్ మంచిగుండాలె’ అనేది ఇంకా చెడ్డ సలహా, ఎందుకంటే వినడానికి సలహాలాగే ఉండి మనిషిని తప్పు దారిలో పెట్టి రెండు వారాలు తిప్పుతుంది. లోపం ఏ ఫ్రేములో ఉందో, ఏ కీలు దగ్గర ఉందో, ఎందుకు వచ్చిందో చెప్పినప్పుడే అది విమర్శ. చెప్పడానికి ఒక వరస కూడా ఉంది. మొదట పాత్ర ఏం చేస్తోందో దూరం నుంచి తెలుస్తోందా చూడాలి. తర్వాత బరువు, ఆ తర్వాత వేగం. వేళ్లు, కనురెప్పలు, బట్టల మడతలు ఆఖరున. నడుము కదలిక తప్పుగా ఉన్న పాత్రకు వేళ్లు దిద్దమని చెప్పడమంటే ఆ పిల్లవాడి నిద్రను వృథా చేయడమే.

కొత్తగా గేమ్ చేసేవాళ్లలో దాదాపు అందరి దగ్గరా కనబడే లోపం పాదాలు జారడం. పాత్ర నడుస్తుంటుంది, పాదం నేల మీద నిలవదు, మంచు మీద నడుస్తున్నట్టు కిందనుంచి జారిపోతుంటుంది. పిల్లలు దీన్ని యానిమేషన్ లోపం అనుకుని కాళ్లను తెగ దిద్దుతారు. చాలాసార్లు కాళ్లలో తప్పేమీ ఉండదు, తప్పు లెక్కలో ఉంటుంది. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన 24 ఫ్రేముల్లో రెండు అడుగులు పూర్తయ్యే నడక అనుకుందాం. అడుగుకు 70 సెంటీమీటర్లైతే పాత్ర సెకనుకు 1.4 మీటర్లు నడవాలి. ఇంజిన్‌లో వేగం 3 మీటర్లని పెట్టాడనుకోండి, మిగిలిన 1.6 మీటర్లూ పాదం జారాల్సిందే. వేగమైనా తగ్గించాలి, అడుగైనా పెంచాలి, నడకనైనా చురుకు చేయాలి. ఈ లెక్క చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. చెప్పేవాళ్లు లేక నెల రోజులు కాళ్లు దిద్దుకున్న పిల్లలు మా హాలుకు వచ్చారు.

సినిమా యానిమేషన్ పుస్తకాలు చదివి వచ్చేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. 1981లో డిస్నీ యానిమేటర్లు ఫ్రాంక్ థామస్, ఓలీ జాన్‌స్టన్ రాసిన పుస్తకంలోని పన్నెండు సూత్రాలను పిల్లలు బట్టీ పట్టేస్తారు. దూకేముందు ఒళ్లు కిందికి కుంగాలని అందులో ఉంది. సినిమాకు అది అక్షరాలా నిజం. గేమ్‌లో బటన్ నొక్కాక పాత్ర ఎనిమిది ఫ్రేములు కుంగి కూర్చుంటే సెకనులో మూడోవంతు గడిచిపోతుంది, ఈలోపు ఆడేవాడు గోతిలో పడి ఉంటాడు. అందుకని గేమ్‌లో లేవడం వెంటనే జరగాలి, బరువంతా నేల మీదికి దిగినప్పుడు చూపించాలి. మోకాళ్లు వంగాలి, భుజాలు ఒక క్షణం ఆలస్యంగా దిగాలి, తల ఆఖరున నిలవాలి. కాబట్టి గేమ్ యానిమేషన్‌ను వీడియోగా చూసి కరెక్షన్ చెప్పకూడదు. కంట్రోలర్ చేతిలోకి తీసుకుని ఆడి చెప్పాలి. మంచి మనసుతో చెప్పే సీనియర్లు కూడా ఈ సంగతి మరిచిపోతుంటారు.

బొమ్మల విషయానికి వస్తే, మనకు ఇంట్లోనే ఒక బడి ఉంది. శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో ఇప్పటికీ తోలుబొమ్మలు చేస్తున్నారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మ ముఖం పక్కకు తిరిగి ఉంటుంది, చేతులు ఒంటికి దూరంగా కీళ్ల దగ్గర కదులుతాయి. తెర వెనక దీపం వెలుగులో ఎంత వెనక కూర్చున్నవాళ్లకైనా రాముడెవరో రావణుడెవరో, ఎవరు ఎవరి మీద చెయ్యెత్తారో తెలిసిపోతుంది. గేమ్ పాత్రకూ ఇదే పరీక్ష. పాత్రనంతా నలుపుతో నింపి చూడండి. చేతిలో కత్తి ఉందో లేదో తెలియకపోతే ఆ భంగిమ మార్చాలి. వాల్వ్ సంస్థ 2007లో తెచ్చిన ‘టీమ్ ఫోర్ట్రెస్ 2’లో తొమ్మిది రకాల పాత్రలనూ ఇలా ఆకారం చూసే గుర్తుపట్టేలా గీశారు. మా దగ్గరికి వచ్చే ఒకమ్మాయి బోనాల పండుగ మీద గేమ్ చేస్తోంది. అందులో పోతురాజు కొరడా ఎప్పుడూ ఒంటికి అడ్డంగా వస్తూ, ఫోన్ తెరమీద కనబడకుండా పోయేది. చెయ్యిని తోలుబొమ్మ చెయ్యిలా పక్కకు తిప్పమని చెప్పాం. కొరడా కనబడింది, పాత్రకు పౌరుషమూ వచ్చింది.

ఇవన్నీ నాకు పుస్తకాల్లోంచి వచ్చినవి కావు. స్టూడియోలో ‘డైలీస్’ అని ఉంటుంది. ముందురోజు చేసిన పనిని పొద్దున్నే అందరి ముందూ తెరమీద వేస్తారు. లీడ్ యానిమేటర్ కరెక్షన్స్ చెబుతాడు. మన పనికి చెప్పింది విని కొంత నేర్చుకుంటాం, పక్కవాళ్ల పనికి చెప్పింది విని అంతకంటే ఎక్కువ నేర్చుకుంటాం. ఇదేమీ నిన్నమొన్నటి అలవాటు కాదు. 1930లలోనే డిస్నీ స్టూడియోలో యానిమేటర్లు పెన్సిల్ పరీక్షలను ఇరుకు గదిలో వాల్ట్ డిస్నీ పక్కన కూర్చుని చూసేవారు. 1932 నుంచి డాన్ గ్రాహం అనే అధ్యాపకుడు వాళ్లకు బొమ్మ గీయడం, కదలికను విడదీసి చూడడం నేర్పాడు. 1937లో వచ్చిన ‘స్నో వైట్’ ఆ గదుల్లోంచి పుట్టింది.

మన ఊళ్లో జరిగినదే కావాలంటే 2012 నాటి ‘ఈగ’ ఉంది. హైదరాబాద్‌లోని మకుట వీఎఫ్ఎక్స్ ఆ పని చేసింది. మొదట తయారైన ఈగ రాజమౌళికి తృప్తినివ్వలేదు. పని మళ్లీ మొదలుపెట్టారు. నిజమైన ఈగను మాక్రో లెన్స్‌తో దగ్గరగా ఫొటోలు తీసి చూశారు. ఈగకు కనుబొమలు లేవు, పెదవులు లేవు, మాట లేదు. పగ, బాధ, సంతోషం అన్నీ ముందుకాళ్లతోనూ తల వంపుతోనూ చెప్పాలి. 1986లో పిక్సార్ చేసిన ‘లక్సో జూనియర్’లో టేబుల్ లాంపుకైతే ముఖమే లేదు, అయినా అది చిన్నపిల్ల అని చూడగానే తెలుస్తుంది. మొదటి ఈగ దగ్గరే అందరూ ‘మస్తుంది’ అని ఊరుకుని ఉంటే మనకు ఆ సినిమా ఇలా మిగిలేది కాదు.

విమర్శ ఎప్పుడు అందుతుందన్నది కూడా ముఖ్యం. 2019 ఏప్రిల్‌లో ‘సోనిక్’ సినిమా ట్రైలర్ వచ్చినప్పుడు ప్రపంచమంతా ఆ పాత్రను చూసి మండిపడింది. ఆ కోపంలోనూ స్పష్టత ఉంది. కళ్లు విడివిడిగా చిన్నగా ఉన్నాయన్నారు, పళ్లు మనిషి పళ్లలా ఉన్నాయన్నారు. దర్శకుడు జెఫ్ ఫౌలర్ తప్పు ఒప్పుకుని పాత్రను మార్పించాడు, సినిమా 2020 ఫిబ్రవరికి వెళ్లింది, జనానికి నచ్చింది. అందరూ ఇంతవరకే చెబుతారు. నాకు మాత్రం రాత్రింబవళ్లు ఆ పాత్రను మళ్లీ చేసిన ఆర్టిస్టులే గుర్తొస్తారు. ఆ పనిలో ఉన్న ఎంపీసీ అనే విజువల్ ఎఫెక్ట్స్ సంస్థ వాంకూవర్ శాఖ 2019 డిసెంబరులో, సినిమా విడుదలకు ముందే మూతపడింది. మూత పడడానికి కారణం ఆ మార్పులేనని నేను అనను. కానీ స్కెచ్ దశలో ఒక పెన్సిల్‌తో పోయే లోపం, పని పూర్తయ్యాక వందల మంది శ్రమను అడుగుతుంది. అందుకే పిల్లలకు ఎప్పుడూ ఒకటే చెబుతాను, ‘బ్లాకింగ్’ దశలోనే చూపించండి అని. నాలుగైదు ముఖ్యమైన భంగిమలు పెట్టగానే, పాత్ర ఇంకా కుదుపులతో కదులుతున్నప్పుడే తెండి. అప్పుడు కరెక్షన్ చెప్తే నొప్పి ఉండదు. అంతా నునుపు చేసి, రంగులు వేసి, పాట పెట్టి తెచ్చాక ఏం చెప్పినా గుండెల్లో గుచ్చుకుంటుంది, చెప్పేవాళ్లకూ నోరు రాదు.

అడిగే తీరు కూడా నేర్పాలి. ‘ఎట్లుందక్కా?’ అంటే ఏం చెప్పను? ‘నేల మీద పడ్డప్పుడు బరువు తెలుస్తోందా?’ అని అడిగితే చూసే కళ్లు అక్కడికే పోతాయి. చెబుతున్నప్పుడు మధ్యలో సమర్థించుకోకుండా రాసుకోవాలి. రాసుకున్నవన్నీ పాటించాలనీ లేదు. ఆ తాటిచెట్టు గేమ్‌లోనే, పాత్ర సగం ఎత్తులో ఆగి చెమట తుడుచుకుంటుంది. అక్కడ ఆట నెమ్మదిస్తోంది, తీసెయ్యమని ఒకరు సలహా ఇచ్చారు. కుర్రాడు తియ్యలేదు. వాళ్ల పెద్దనాయన అక్కడ నిజంగానే ఆగుతాడు. ఆ ఆగడం వల్లే ఆ పాత్ర గేమ్‌లో వచ్చే ఎవరో హీరో కాకుండా మన ఊరి గీత కార్మికుడైందని నాకు అనిపిస్తుంది.

ఆడపిల్లల గురించి ఒక మాట చెప్పి తీరాలి. చాలామంది పని దాచుకుంటారు. పదిమందిలో చూపిస్తే పాత్ర మీద కంటే వాళ్ల మీదే వ్యాఖ్యలు వస్తాయని భయం, ఆ భయానికి కారణాలు ఉన్నాయి. అందుకని మా హాల్లో చేసినవాళ్ల గురించి ఎవరూ మాట్లాడకూడదు, తెరమీద కదిలేదాని గురించే మాట్లాడాలి. గేమ్‌లలో స్త్రీ పాత్రల ఒంటి కొలతల మీద వాదన వస్తే కూడా అక్కడికే తెస్తాను. ‘పిడికిలంత ఈ నడుముతో ఆ పెద్ద కత్తిని ఎత్తి తిప్పగలదా? తిప్పితే బరువు ఎక్కడ ఆనుతుంది?’ అని అడిగితే, గీసిన అబ్బాయే నడుము మార్చుకుంటాడు.

కళ్లకు పని చెప్పడానికి నార్సింగిని మించిన చోటు లేదు. కోకాపేటలో లేచే టవర్ల దగ్గర తలమీద తట్ట పెట్టుకుని నడిచే పాలమూరు ఆడవాళ్లను చూడమంటాను. మామూలు నడకలో తల అడుగడుగుకూ కొద్దిగా లేచి దిగుతుంది. తట్ట ఉన్నప్పుడు తల దాదాపు ఒకే ఎత్తులో సాగుతుంది, ఆ ఎత్తుపల్లాలన్నీ మోకాళ్లూ నడుమూ మింగేస్తాయి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో వచ్చింది. పొద్దున్నే అక్కడ నిలబడితే అలసినవాడు సైకిల్ తొక్కే తీరూ, అప్పుడే ఎక్కినవాడు తొక్కే తీరూ పక్కపక్కనే దొరుకుతాయి.

ప్రభుత్వం ఏమీ చేయలేదని కాదు. యానిమేషన్, గేమింగ్ కోసం తెలంగాణ 2016లో ఇమేజ్ విధానం తెచ్చింది, 2017లో రాయదుర్గంలో ఇమేజ్ టవర్‌కు శంకుస్థాపన జరిగింది. దేశంలోని గేమ్ డెవలపర్ల సదస్సు ఎన్నోసార్లు హైదరాబాద్‌లోనే జరిగింది. ఛోటా భీమ్‌ను తయారుచేసిన గ్రీన్ గోల్డ్ మన దగ్గరే ఉంది, ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ స్టూడియో మన దగ్గరే ఉంది. ఇంత అనుభవం ఉన్న ఊళ్లో నేర్చుకునే పిల్లవాడి పని చూసే గది ఒక్కటి దొరకడం కష్టమంటే అది మన లోపమే. ప్రైవేటు కోర్సుల్లో చాలాచోట్ల సాఫ్ట్‌వేర్ బటన్లు నేర్పి, షోరీల్ చేయించి పంపేస్తున్నారు. మాసబ్‌ట్యాంక్‌లోని ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో యానిమేషన్ చదివే పిల్లలు, కందిలో ఐఐటీ డిజైన్ విద్యార్థులు, మన ఇంజనీరింగ్ కాలేజీల్లో గేమ్‌లు కట్టే పిల్లలు ఒకే గదిలో కూర్చుని ఒకరి పని ఒకరు చూసుకునే ఏర్పాటు ఉండాలి. ప్రతి కోర్సులోనూ వారానికి ఒక పూట అందరి ముందూ పని చూపించడం తప్పనిసరి చేయాలి. విమర్శించడానికి కూడా మార్కులు ఉండాలి. లోపాన్ని కారణంతో సహా చెప్పగలిగినవాడికి ఆ పని సగం వచ్చినట్టే. ఇందుకు కొత్త భవనం అక్కర్లేదు, ఒక ప్రొజెక్టరు, పని తెలిసిన మనిషి ఒకరు చాలు.

యానిమేషన్ ఉద్యోగాలు ఎంత నిలకడ లేనివో మాకు తెలుసు. హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉన్న రిథమ్ అండ్ హ్యూస్, ‘లైఫ్ ఆఫ్ పై’ విజువల్ ఎఫెక్ట్స్‌కు ఆస్కార్ అందుకున్న 2013 ఫిబ్రవరిలోనే దివాలా పిటిషన్ వేసింది. కంపెనీలు పోతాయి, సాఫ్ట్‌వేర్లు మారతాయి. డైలీస్‌లో పదును పెట్టుకున్న చూపు మాత్రం మనిషితోనే ఉంటుంది, దాన్ని ఇంకొకరికి ఇవ్వడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

నార్సింగి, కోకాపేట, మణికొండల్లో ఉంటున్న నా తోటి యానిమేటర్లకు, ఆర్టిస్టులకు నాదొక విన్నపం. నెలకు ఒక్క ఆదివారం పొద్దున రెండు గంటలు ఇవ్వండి. మీ అపార్ట్‌మెంట్ హాల్ అడగండి, దొరక్కపోతే మీ ముందుగదిలోనే కూర్చోబెట్టండి. పిల్లలు తెచ్చిన గేమ్‌ను ముందు మీరు ఆడండి. ఒక లోపం, దాని కారణం చెప్పండి. సరిచేసుకుని వచ్చే నెల మళ్లీ తెమ్మని చెప్పండి, తెచ్చినప్పుడు మళ్లీ చూడండి.